తీగల గూడు నుంచి రాగి దారులకు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందాను. మా అపార్ట్‌మెంటులో మేడమీది ట్యాంకు నిండి నీరు వృథాగా పోవడం చూడలేక, ట్యాంకు మూతకు అల్ట్రాసోనిక్ సెన్సరు బిగించి, ఆర్డునో ఊనో (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న కంట్రోలరు బోర్డు), రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి) మాడ్యూల్ సాయంతో మోటారు దానంతటదే ఆగి, నీరు తగ్గినప్పుడు మళ్లీ నడిచే ఏర్పాటును బ్రెడ్‌బోర్డు (సోల్డరు లేకుండా తీగలు గుచ్చి సర్క్యూట్ పేర్చే పలక) మీద చేశాను. ఇంట్లో బల్ల మీద నెల రోజులు చక్కగా నడిచింది. మోటారు గదిలో పెట్టాక మాత్రం మోటారు ఆగినప్పుడల్లా ఆర్డునో రీసెట్ అవుతోంది. మధ్యమధ్య ఏదో ఒక తీగ వదులవుతోంది. దీనిని సొంత పీసీబీ (తీగల బదులు రాగి గీతలు అచ్చువేసిన సర్క్యూట్ బోర్డు) మీదకు మార్చాలని ఉంది. సర్క్యూట్ సరైనదేనని తేలింది కనుక అవే కనెక్షన్లను రాగి గీతలుగా గీస్తే సరిపోతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? — గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: సరిపోదండి. మీ సర్క్యూట్ సరైనదని ఇంకా తేలలేదు. అందులోని తర్కం సరైనదని మాత్రమే తేలింది. బ్రెడ్‌బోర్డు మీద మీరు చేత్తో పేర్చిన భాగాలు కొన్ని ఉంటే, మీరు పేర్చకుండానే మీకోసం పనిచేస్తున్న భాగాలు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. పీసీబీకి మారడమంటే మొదట వాటన్నిటినీ వెలికితీసి కాగితం మీద పెట్టుకోవడం. గీతలు గీయడం ఆ తరువాతి పని, నిజానికి అంతకంటే సులువైన పని.

ఊనో బోర్డునే తీసుకోండి. దాని మీద ఏటీమెగా328పీ చిప్ ఒక్కటే లేదు. దానికి 16 మెగాహెర్ట్జ్ లయను ఇచ్చే గడియారం, 5 వోల్టుల రెగ్యులేటర్, రీసెట్ కాలును పైకి పట్టి ఉంచే రెసిస్టర్, కంప్యూటరుతో మాట్లాడే మరో చిప్, వీటన్నిటి పక్కనా చిన్న చిన్న కెపాసిటర్లు ఉన్నాయి. సొంత బోర్డు మీద 28 కాళ్ల చిప్‌ను ఒంటరిగా కూర్చోబెట్టాలనుకుంటే 7వ కాలుకూ 20వ కాలుకూ 5 వోల్టులు, 8వ, 22వ కాళ్లకు గ్రౌండ్, 1వ కాలుకు 10 కిలోఓమ్ రెసిస్టర్, 9, 10 కాళ్ల మధ్య ఆ లయను ఇచ్చే క్రిస్టల్, దాని రెండు వైపుల నుంచీ గ్రౌండ్‌కు 22 పికోఫారడ్ కెపాసిటర్లు మీరే ఇవ్వాలి. 20వ కాలు అనలాగ్ విభాగానికి సరఫరా ఇచ్చేది కనుక, అనలాగ్ పని లేనప్పుడు అది అక్కర్లేదని వదిలేసేవారు చాలామంది ఉన్నారు. అనలాగ్ వాడినా వాడకపోయినా దానిని కలిపి తీరాలి. మీ మొదటి బోర్డుకు ఈ శ్రమ అవసరమా అంటే, నా ఉద్దేశంలో అవసరం లేదు. ఊనో స్థానంలో ఆర్డునో నానోను తీసుకుని, బోర్డు మీద రెండు వరుసల ఆడ హెడర్లు (కాళ్లు గుచ్చే సాకెట్లు) పెట్టి అందులో గుచ్చండి. అంతా సొంతంగా చేశామన్న తృప్తి కొంత తగ్గుతుంది కానీ, మొదటి బోర్డు పూర్తవుతుంది. రెండో బోర్డులో చిప్‌ను నేరుగా పెట్టవచ్చు.

రిలే మాడ్యూల్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఆ చిన్న నీలి రంగు 5 వోల్టుల రిలే కాయిల్ నిరోధం సుమారు 70 ఓమ్‌లు, అంటే దాదాపు 70 మిల్లీఆంపియర్ల కరెంటు కావాలి. చిప్ కాలు నుంచి నిశ్చింతగా తీసుకోగలిగినది 20 మిల్లీఆంపియర్లు, ఎట్టి పరిస్థితిలోనూ మించకూడనిది 40. ఈ తేడాను భరిస్తున్న ట్రాన్సిస్టరు, కాయిల్ ఆగిన క్షణంలో ఎదురు తన్నే వోల్టేజీని మింగే డయోడు మాడ్యూల్ మీద ముందే ఉన్నాయి కాబట్టి మీకు వాటి సంగతి తెలియలేదు. విడి రిలేను బోర్డు మీద పెడితే ట్రాన్సిస్టరు, దాని బేస్‌కు 1 కిలోఓమ్ రెసిస్టర్, కాయిల్‌కు అడ్డంగా తలకిందులుగా 1ఎన్4007 డయోడు మీరే పెట్టాలి. బీసీ547 గరిష్ఠ పరిమితి 100 మిల్లీఆంపియర్లే కనుక నేనైతే ఇక్కడ 2ఎన్2222 వాడతాను.

ఇక మోటారు ఆగినప్పుడు వచ్చే రీసెట్ సంగతి. పీసీబీకి మారితే ఇది దానంతటదే పోతుందని ఆశించవద్దు. ముందుగా దోషి ఎవరో తేల్చండి. మోటారు తీగలను విప్పివేసి, రిలేను మాత్రం ఇరవై ముప్పై సార్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి. అప్పుడు కూడా రీసెట్ అవుతుంటే తప్పు కాయిల్ వైపు ఉంది. సరఫరా సన్నగిల్లడమో, గ్రౌండ్ తీగ వదులుగా ఉండడమో కారణం కావచ్చు. మోటారు ఉన్నప్పుడు మాత్రమే అవుతుంటే, కాంటాక్టు విడిపోయేటప్పుడు పుట్టే నిప్పురవ్వ నుంచి వచ్చే అలజడి మీ పొడవైన జంపర్ తీగల్లోకి దూరుతోందని అర్థం. మీ వర్ణన బట్టి నా అనుమానం రెండోదాని మీదే. ఆ రిలే మీద 10 ఆంపియర్లు అని అచ్చువేసి ఉన్నా, అది హీటరు వంటి లోడుకు చెల్లే లెక్క. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడే 6 నుంచి 8 ఆంపియర్లు, మొదలయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు లాగుతుంది. కనుక బోర్డు మీది రిలే మోటారును నేరుగా ముట్టుకోకుండా, ఒక కాంటాక్టర్ (మోటార్ల వంటి పెద్ద లోడ్ల కోసం చేసిన పెద్ద రిలే) కాయిల్‌ను మాత్రం నడపాలి. ఆ కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్ రెసిస్టరును, ఎక్స్‌2 గుర్తు ఉన్న 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును వరుసగా కలిపిన స్నబ్బర్ (ఆ అలజడిని అణచే జత) పెట్టండి. కాంటాక్టర్ల గురించి కర్మాగారంలో పనిచేసిన మీకు నేను చెప్పవలసింది ఏమీ లేదు.

బోర్డు మీద రాగి గీత కూడా ఒక భాగమేనన్నది గుర్తుంచుకోవలసిన మరో సంగతి. సాధారణ బోర్డు మీది రాగి పొర మందం 35 మైక్రాన్లు. ఆ మందంలో ఎంత పెద్ద చదరమైనా, ఎంత చిన్న చదరమైనా ఒక్కొక్క దాని నిరోధం సుమారు అర మిల్లీఓమ్. 0.25 మి.మీ. వెడల్పుతో 100 మి.మీ. పొడవు గీత గీస్తే 400 చదరాలు, అంటే 0.2 ఓమ్. మీ రిలే కరెంటుకు ఇది పట్టించుకోనక్కర్లేని నష్టం. కానీ చిప్ లోపల కరెంటు నానోసెకన్లలో మారుతుంటుంది. అప్పుడు అడ్డుపడేది నిరోధం కాదు, గీత పొడవులో మిల్లీమీటరుకు ఇంచుమించు ఒక నానోహెన్రీ చొప్పున పేరుకునే ఇండక్టెన్స్. అందుకే ప్రతి చిప్ సరఫరా కాలు పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడతారు. ఊరి చివర ఎంత పెద్ద రిజర్వాయరు ఉన్నా దాహం వేసినప్పుడు తాగేది వంటింట్లో కుండలోని నీళ్లే కదా. ఆ కుండను వీధి అరుగు మీద పెడితే ప్రయోజనం తగ్గినట్టే, కెపాసిటరును చిప్‌కు మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టినా అంతే. నానో మాడ్యూల్ మీద ఆ ఏర్పాటు ఉంది కానీ, బోర్డులోకి సరఫరా వచ్చే చోట 470 మైక్రోఫారడ్లది ఒకటి, సెన్సరు కనెక్టరు దగ్గర 0.1 మైక్రోఫారడ్లది ఒకటి అదనంగా పెట్టండి.

కరెంటు వెళ్లే దారి గురించి అందరూ ఆలోచిస్తారు, తిరిగి వచ్చే దారి గురించి ఆలోచించేవారు తక్కువ. బ్రెడ్‌బోర్డు మీద రిలే కరెంటు, సెన్సరు కరెంటు ఒకే నీలి పట్టీ గుండా వెనక్కి వస్తూ ఒకదానినొకటి కదిలిస్తుంటాయి. రెండు పొరల బోర్డు తీసుకుని, కింది పొరను వీలైనంత వరకు కోతలు లేని గ్రౌండ్‌గా ఉంచితే ప్రతి కరెంటుకూ తన గీత కిందనే తిరుగుదారి దొరుకుతుంది. రిలే గ్రౌండ్‌ను మాత్రం సరఫరా ప్రవేశించే చోటికి దగ్గరగా ఉంచండి.

ఇక పనిలోకి దిగే వరుస చెబుతాను. సాఫ్ట్‌వేర్‌గా కీక్యాడ్ వాడండి. 1992లో ఫ్రాన్సుకు చెందిన జాన్-పియర్ షరాస్ మొదలుపెట్టిన ఈ ఉచిత కార్యక్రమానికి తరువాతి కాలంలో జెనీవాలోని సెర్న్ పరిశోధన సంస్థ తోడ్పాటు లభించింది. మీ అవసరానికి ఇది చాలినంతకంటే ఎక్కువే. స్కీమాటిక్‌ను (ఏది దేనికి కలుస్తుందో చూపే సర్క్యూట్ పటాన్ని) జ్ఞాపకం నుంచి గీయకండి. బ్రెడ్‌బోర్డును ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్క తీగనే గుర్తిస్తూ, కాగితం మీద పెన్సిలుతో టిక్కు పెడుతూ గీయండి. నెల రోజుల్లో మీరు చేసిన చిన్న చిన్న మార్పులు జ్ఞాపకంలో ఉండవు, బ్రెడ్‌బోర్డు మీద ఉంటాయి.

గీత గీయకముందే భాగాలు కొనండి. చాలామంది బోర్డు చేతికొచ్చాక విశాఖలోని డాబాగార్డెన్స్ దుకాణాలకు వెళ్లి, అక్కడ ఉన్న రిలేకూ తాము గీసిన రిలేకూ కాళ్లు కలవక తిరిగి వస్తారు. నేను కూడా ఈ బడిలో చదివినవాణ్ణే. ఒకసారి 2ఎన్2222కు పుస్తకంలో చూసిన వరుసలో కలెక్టరు, బేస్, ఎమిటరు అని గీసి ఐదు బోర్డులు చేయించాను. నాకు దొరికిన ట్రాన్సిస్టర్లలో అదే వరుస వెనక నుంచి ముందుకు ఉంది. ప్లాస్టిక్ తొడుగులో ఆ పేరుతో వచ్చేవాటిలో తయారీదారును బట్టి కాళ్ల వరుస మారుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. బేస్ మధ్యలోనే ఉంది కాబట్టి వాటిని తిప్పి బిగించి గట్టెక్కాను. అదే బోర్డులో టెర్మినల్ కాళ్ల దూరం తప్పినందుకు మాత్రం ఏ మందూ లేకపోయింది.

అందుకే ఆర్డరు ఇచ్చే ముందు బోర్డును అసలు కొలతలో కాగితం మీద అచ్చువేసి, థర్మకోల్ ముక్క మీద అతికించి, కొన్న భాగాలన్నిటినీ దానిలో గుచ్చి చూడండి. ప్రింటరు పేజీకి సరిపడేలా కుదించిందేమో తెలుసుకోవడానికి 100 మి.మీ. గీత ఒకటి పక్కన గీసి స్కేలుతో కొలవండి. పది నిమిషాల ఈ పని కంప్యూటరు చేసే ఏ తనిఖీ కంటే ఎక్కువ తప్పులు పట్టుకుంటుంది, ఎందుకంటే మీ చేతిలోని రిలే ఎలా ఉందో కంప్యూటరుకు తెలియదు.

అమరికలో 230 వోల్టుల భాగం బోర్డుకు ఒక అంచున, సెన్సరు, నానో రెండో అంచున ఉండాలి. ఈ రెండు లోకాల మధ్య కనీసం 8 మి.మీ. రాగి లేని ఖాళీ ఉంచండి, గ్రౌండ్ పొరను ఆ ఖాళీలోకి రానివ్వకండి, రిలే కాయిల్ కాళ్లకూ కాంటాక్టు కాళ్లకూ మధ్య బోర్డును చీల్చే సన్నని గాడి కూడా పెట్టించండి. మన ఊరి తేమకు ఇది అతి జాగ్రత్త కాదు. 5 వోల్టుల కోసం విడిగా మూసి ఉన్న అడాప్టరే వాడండి. సిగ్నల్ గీతలు 0.4 మి.మీ., సరఫరా గీతలు 1 మి.మీ. పెట్టుకోండి, స్థలం ఉన్నప్పుడు సన్నగా గీసినందుకు ఎవరూ బహుమతి ఇవ్వరు. మూలల్లో 3.2 మి.మీ. రంధ్రాలు, ప్రతి టెర్మినల్ పక్కన దాని పేరు, ఒక మూల తేదీ మరచిపోకండి. సాఫ్ట్‌వేర్‌లోని నియమాల తనిఖీలో ఒక్క దోషమూ మిగలకుండా చూసుకుని, గర్బర్ ఫైళ్లను (తయారీ సంస్థకు పంపే పొరల బొమ్మలను), రంధ్రాల ఫైలును తీసి, పంపే ముందు వ్యూయర్‌లో పొర పొరగా చూడండి. 100 మి.మీ. చదరంలోపు ఉన్న రెండు పొరల బోర్డుకు చాలా తయారీ సంస్థలు తక్కువ ధర తీసుకుంటాయి కాబట్టి మీ బోర్డును ఆ హద్దులో ఉంచండి.

ఒక్క మాట మిగిలింది. ఆర్డరు ఇచ్చే ముందు ఇదే సర్క్యూట్‌ను జీరో పీసీబీ (గీతలు లేకుండా రంధ్రాలూ రాగి చుక్కలూ మాత్రమే ఉన్న బోర్డు) మీద సోల్డరు చేసి, కాంటాక్టరుతో సహా మోటారు గదిలో ఒక వారం నడపండి. అక్కడ రీసెట్ అయ్యే సర్క్యూట్ ఆకుపచ్చ రంగు వేసుకున్నంత మాత్రాన బాగుపడదు. బోర్డులు వచ్చాక ఏ భాగమూ పెట్టకముందే 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య షార్టు లేదని మీటరుతో చూసి, తరువాత సరఫరా భాగాన్ని మాత్రమే సోల్డరు చేసి వోల్టేజీ కొలిచి, అప్పుడే నానోను గుచ్చండి.

ప్రశ్న: మేము ఇంజనీరింగ్ విద్యార్థులం. ప్రాజెక్టు సమర్పించడానికి పది రోజులే ఉంది. బోర్డును హాస్టల్‌లోనే ఫెర్రిక్ క్లోరైడుతో (అక్కర్లేని రాగిని కరిగించే రసాయనంతో) చేసుకోవచ్చా, బయట చేయించాలా? ఒకసారి ప్రయత్నిస్తే గీతలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. — మధురవాడ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఒకే పొర, 0.8 మి.మీ. కంటే సన్నని గీత లేకపోవడం, గీతలు ఒకదానినొకటి దాటే చోట్ల నాలుగైదు జంపర్ తీగలు సరిపోవడం, ఈ మూడూ కుదిరితే పది రోజుల్లో ఇంట్లో చేసుకోవడమే మేలు. రెండు పొరలు అవసరమైతే ఇంట్లో ప్రయత్నించకండి; ఇంట్లో వేసే రంధ్రం లోపల రాగి పూత ఉండదు కనుక ప్రతి కాలునూ రెండు వైపులా సోల్డరు చేయవలసి వస్తుంది, అందులోనే సగం రోజులు పోతాయి.

గీతలు తిరగబడడానికి కారణం చెబుతాను. సాఫ్ట్‌వేర్ కింది పొరను పైనుంచి బోర్డు గుండా చూస్తున్నట్టు చూపిస్తుంది. గీతలను లేజర్ ప్రింటరుతో అచ్చువేసిన టోనరు కాగితాన్ని రాగి మీద బోర్లించి ఇస్త్రీ చేసినప్పుడు అది ఒకసారి తిరుగుతుంది. కాబట్టి కింది పొరను మిర్రర్ చేయకుండా అచ్చువేయాలి. కింది పొర మీద రాసిన అక్షరాలు కాగితం మీద తిరగబడి కనిపిస్తే మీరు సరిగ్గా అచ్చువేసినట్టే. లేజర్ ప్రింటరే వాడాలి, ఎందుకంటే వేడికి కరిగి రాగికి అంటుకునేది టోనరు పొడి. ఇంకుజెట్ సిరా అంటుకోదు.

ఫెర్రిక్ క్లోరైడును ప్లాస్టిక్ పళ్లెంలోనే పోయండి. స్టీలు, అల్యూమినియం గిన్నెలను అది తినేస్తుంది. పొడిని నీటిలో కొద్దికొద్దిగా కలపండి, ఒకేసారి పోస్తే వేడెక్కి చిందుతుంది. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలి. గచ్చు మీద, బట్టల మీద పడిన మరక పోదు. హాస్టల్ వార్డెన్‌తో తగవు వద్దనుకుంటే మేడ మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి చేయండి. వాడిన ద్రావణంలో కరిగిన రాగి ఉంటుంది, దానిని కాలువలో పారబోయవద్దు. సీసాలో పోసి మళ్లీ వాడండి, సత్తువ పోయాక కళాశాల రసాయనశాలలో వ్యర్థాలను సేకరించే చోట అప్పగించండి.

ప్రశ్న: సముద్రానికి ఎదురుగా ఉన్న మా ఇంటి మేడ మీద, బ్యాటరీతో నడిచే ఉష్ణోగ్రత, తేమ కొలిచే బోర్డు పెట్టాను. జీరో పీసీబీ మీద సోల్డరు చేసినది. కొన్ని నెలలకే రాగి పచ్చబడింది, బ్యాటరీ వోల్టేజీ కొలత ఉదయం పూట తక్కువగా, మధ్యాహ్నం సరిగా చూపిస్తోంది. పీసీబీ చేయిస్తే ఈ బాధ తప్పుతుందా? — పెదవాల్తేరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చాలావరకు తప్పుతుందండి, కానీ ఉప్పుగాలికి కిటికీ ఇనుప ఊచలు ఏమవుతున్నాయో రోజూ చూసేవారికి పూర్తిగా తప్పుతుందని చెప్పలేను. జీరో పీసీబీ మీద రాగి చాలావరకు బట్టబయలుగా ఉంటుంది. చేయించిన బోర్డు మీద సోల్డరు మాస్క్ పొర గీతలను కప్పేస్తుంది. మిగిలిన ప్యాడ్లకు తగరం పూత కంటే నికెల్ మీద బంగారు పూత కొంచెం ఖరీదైనా, చదునుగా ఉండి తుప్పును బాగా తట్టుకుంటుంది.

ఉదయం తక్కువ, మధ్యాహ్నం సరి అన్నారు కదా, అది తేమ చేస్తున్న పని. బ్యాటరీ ఖర్చు తగ్గాలని మీరు వోల్టేజీని సగం చేసి కొలవడానికి రెండు 1 మెగాఓమ్ రెసిస్టర్లను వరుసగా కలిపి వాడి ఉంటారని ఊహిస్తున్నాను. తెల్లవారుజామున మంచు ఉప్పుతో, మిగిలిపోయిన ఫ్లక్స్‌తో (సోల్డరు అంటుకోవడానికి వాడే జిగురు పదార్థంతో) కలిసి మధ్య బిందువు నుంచి గ్రౌండ్‌కు 10 మెగాఓమ్‌ల దొంగదారి వేసిందనుకోండి, కొలత దాదాపు 5 శాతం పడిపోతుంది; ఎండకు ఆరగానే సరి అవుతుంది. అదే 10 కిలోఓమ్ రెసిస్టర్లు పెడితే అంతే తేమకు తేడా 0.05 శాతం. బ్యాటరీ కరిగిపోతుందన్న భయం ఉంటే, కొలిచే క్షణంలో మాత్రమే ఆ రెసిస్టర్లకు కరెంటు ఇచ్చేలా ఒక మాస్‌ఫెట్ స్విచ్చి పెట్టండి.

సోల్డరింగ్ అయ్యాక బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, పాత టూత్‌బ్రష్షుతో బాగా కడిగి, పూర్తిగా ఆరాక అక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగ్‌ను (తేమ తగలకుండా బోర్డును కప్పే వార్నిష్‌ను) రెండు పల్చని పొరలుగా కొట్టండి. కడగకుండా కొడితే ఉప్పునూ ఫ్లక్స్‌నూ లోపలే పెట్టి తాళం వేసినట్టవుతుంది. కొట్టేటప్పుడు కనెక్టర్లను, తేమ సెన్సరు రంధ్రాన్ని టేపుతో మూసి ఉంచండి. సెన్సరు మీద కోటింగ్ పడితే ఇక అది ఏ తేమనూ కొలవదు. పెట్టెను గాలి చొరబడకుండా బిగించకండి, ఎందుకంటే రాత్రి చల్లబడినప్పుడు లోపలి ఆవిరి బోర్డు మీదే నీరుగా మారుతుంది. అడుగున ఒక చిన్న రంధ్రం ఉంచి, తీగలు పెట్టెలోకి వెళ్లే ముందు ఒకసారి కిందికి వంగి పైకి వచ్చేలా కట్టండి. వాన నీరు తీగ వెంట లోపలికి పాకకుండా ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతుంది.